నాలుగు గవ్వలు, ఒక తెలుగు అక్షరం: సంభావ్యత కోడ్‌గా మారే తీరు

ఇంగ్లిష్‌లో 150 అక్షరాల ఎస్సెమ్మెస్ ఒకటి టైప్ చేశారనుకోండి. ఒక మెసేజ్‌గానే పోతుంది. దాని చివర ఒక్క తెలుగు అక్షరం, ఊరికే ఒక ‘అ’ చేర్చి చూడండి. సాధారణంగా అది మూడు మెసేజ్‌ల లెక్కలో పడుతుంది. పండగ ఆఫర్ గురించి వెయ్యిమందికి మెసేజ్ పెట్టే బట్టల షాపాయనకు ఇది జేబుకు తగిలే విషయం. ఈమధ్య ఇదే ఫిర్యాదు ఇంకో రూపంలో వినిపిస్తోంది. ఏఐ సర్వీసుల్లో ఒకే ప్రశ్నను ఇంగ్లిష్‌లో కంటే తెలుగులో అడిగితే ఎక్కువ టోకెన్లు, అంటే ఏఐ చదవడానికి విడగొట్టుకునే మాటల ముక్కలు, ఖర్చవుతాయి, టోకెన్ల లెక్కనే బిల్లు పడుతుంది. తెలుగు అంత బరువైన భాషా అని అడిగేవాళ్లున్నారు.

ఆ బరువు ఎక్కడిదో తెలియాలంటే, ఏ అక్షరం తరచుగా వస్తుంది, ఏది అరుదుగా వస్తుంది అని ముందుగా ఎవరు ఊహించారో, దేన్ని చూసి ఊహించారో తెలియాలి. అలాంటి ఊహను అంకెల్లో చెప్పడమే సంభావ్యత. పాఠ్యపుస్తకాలు దాన్ని బొమ్మా బొరుసాతో మొదలుపెడతాయి. నాకు మాత్రం అష్టాచెమ్మా ఇంకా మంచి ఉదాహరణ అనిపిస్తుంది. నాణెంలో రెండు ఫలితాలూ సమానం కాబట్టి అసలు మలుపు అందులో కనిపించదు. గవ్వల్లో కనిపిస్తుంది.

గవ్వలు విసిరితే ఏం పడుతుంది

ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. నాలుగు గవ్వలు విసురుతారు. ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం: ఒకటి, రెండు, మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఊరూరికీ కాస్త తేడాలుంటాయి. గవ్వలు లేని ఇళ్లలో చింతపిక్కలను ఒకవైపు అరగదీసి ఆడతారు. ఆ చింతపిక్కలతో తర్వాత పనుంది, గుర్తుపెట్టుకోండి.

ప్రస్తుతానికి గవ్వ వెల్లకిలా పడటానికీ బోర్లా పడటానికీ సమాన అవకాశం ఉందనుకుందాం. ఒక్కో గవ్వకు రెండు దారులు, నాలుగు గవ్వలకు 2×2×2×2, మొత్తం 16 దారులు. ఇలా గుణించడం ఎప్పుడు చెల్లుతుందంటే, ఒక గవ్వ ఎలా పడిందన్నది ఇంకో గవ్వ మీద ఏ ప్రభావమూ చూపనప్పుడు. వీటినే స్వతంత్ర ఘటనలు అంటారు. ఈ 16 దారుల్లో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, అష్టా 1, చెమ్మా 1. ఒక ఫలితానికి అనుకూలమైన దారులను మొత్తం దారులతో భాగిస్తే దాని సంభావ్యత వస్తుంది. రెండు పడే సంభావ్యత 6/16, అష్టాది 1/16. అన్నీ కలిపితే 1. 1 రాకపోతే ఎక్కడో లెక్క తప్పినట్టే.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది. “పదహారు సార్లు వేశాను, అష్టా పడలేదు, ఇప్పుడు పడక తప్పదు” అంటారు. పదహారు విసుర్లలో ఒక్క అష్టా కూడా పడకపోయే సంభావ్యత 15/16ను పదహారుసార్లు గుణిస్తే వచ్చేది, దాదాపు 36 శాతం. అంటే మూడింట ఒక వంతు కంటే ఎక్కువ. పదిహేడో విసురుకు అష్టా సంభావ్యత మళ్లీ అదే 1/16. వెనక ఏం పడిందో గవ్వలకు గుర్తుండదు.

ఆశ్చర్యాన్ని కొలిచే లెక్క

ఇప్పుడు పక్క గదిలో కూర్చున్న మీకు ఒకరు ఫలితాలు అరిచి చెబుతున్నారు. “రెండు!” అంటే మీరు తల కూడా తిప్పరు. “అష్టా!” అంటే లేచి వస్తారు. అరుదైన కబురులో ఎక్కువ సమాచారం ఉంటుందన్న ఈ మామూలు అనుభవాన్ని బెల్ ల్యాబ్స్ ఇంజినీరు క్లాడ్ షానన్ 1948లో గణితంగా మార్చాడు. సమాచారానికి కొలమానం బిట్. ఆ పదాన్ని జాన్ టుకీ సూచించాడని షానన్ తన వ్యాసంలోనే చెప్పాడు.

లెక్క ఇలా ఉంటుంది. సంభావ్యత సగమైతే 1 బిట్. నాలుగో వంతైతే 2 బిట్లు. పదహారో వంతైతే 4 బిట్లు. సగం చేసిన కొద్దీ ఒక్కో బిట్ పెరుగుతుంది. ఇది 2 ఆధారంగా తీసుకున్న సంవర్గమానం, అంటే లాగ్. తప్పకుండా జరిగేదాని సంభావ్యత 1, అందులో సమాచారం సున్నా బిట్లు. రేపు పొద్దున్నే సూర్యుడు వస్తాడని ఎవరైనా ఫోన్ చేసి చెబితే కాల్ ఖర్చు దండగ.

లాగ్ ఎందుకు, నేరుగా సంభావ్యతనే వాడొచ్చుగా? వరసగా రెండు అష్టాలు పడే సంభావ్యత 1/16ను 1/16తో గుణిస్తే 1/256. కానీ రెండు కబుర్లలోని సమాచారం కూడాలి, గుణించకూడదు: నాలుగూ నాలుగూ ఎనిమిది బిట్లు. గుణకారాన్ని కూడికగా మార్చేది లాగ్ ఒక్కటే.

గవ్వల ఆటలో ఒక్కో ఫలితపు బిట్లను దాని సంభావ్యతతో గుణించి అన్నీ కూడితే సగటున 2.03 బిట్లు వస్తాయి. ఈ సగటుకు షానన్ పెట్టిన పేరు ఎంట్రోపీ. ఎంత తెలివైన కోడ్ (ఒక్కో ఫలితానికి 0, 1లతో పెట్టే పేర్ల పట్టిక) రాసినా సగటున అంతకంటే తక్కువ బిట్లలో ఈ ఫలితాలను పొల్లు పోకుండా పంపడం కుదరదని ఆయన నిరూపించాడు.

తరచుగా వచ్చేదానికి పొట్టి పేరు

ఈ ఉపాయం షానన్ కంటే పాతది. మోర్స్ టెలిగ్రాఫ్ కోడ్‌లో ఇంగ్లిష్ ‘ఈ’కి ఒక్క చుక్క, ‘టీ’కి ఒక్క గీత. ఇంగ్లిష్‌లో ఎక్కువగా వచ్చే అక్షరాలు అవే మరి. మన దేశంలో 2013 జులైలో తంతి సేవ ఆగిపోయింది గానీ, ఆ ఉపాయం ప్రతి జిప్ ఫైల్లోనూ ఉంది.

గవ్వల కోడ్ మనమే రాద్దాం. ఐదు ఫలితాలున్నాయి, అన్నిటికీ సమాన పొడవు ఇస్తే తలా 3 బిట్లు కావాలి. ఇక్కడ బిట్ అంటే ఒక 0 లేదా ఒక 1. అలా కాకుండా ఇలా పెడదాం:

రెండు: 00
ఒకటి: 01
మూడు: 10
అష్టా: 110
చెమ్మా: 111

16 విసుర్లలో సగటున 14 సార్లు 2 బిట్లు, 2 సార్లు 3 బిట్లు. మొత్తం 34, విసురుకు 2.125 బిట్లు. హద్దు 2.03 కాబట్టి దాదాపు గోడకు ఆనుకున్నాం. మధ్యలో కామాలు, ఖాళీలు ఏవీ అక్కర్లేదని గమనించండి. 0011001 అని వస్తే 00, 110, 01 అని ఒక్క రకంగానే విడదీయగలం: రెండు, అష్టా, ఒకటి. ఏ కోడూ ఇంకో కోడ్‌కు మొదటి ముక్కగా లేకపోవడం వల్లే ఇది సాధ్యమైంది.

ఈ పట్టికను నేను ఊహించి రాయలేదు. పద్ధతి డేవిడ్ హఫ్‌మన్‌ది. 1951లో ఎంఐటీలో రాబర్ట్ ఫానో క్లాసులో అతను విద్యార్థి. పరీక్షైనా రాయండి, టర్మ్ పేపరైనా ఇవ్వండి అన్నాడు ఫానో. పేపర్‌కు ఇచ్చిన సమస్య, అత్యంత పొట్టి కోడ్ కనుక్కోవడం. షానన్, ఫానోలు పైనుంచి కిందికి విడగొడుతూ వెళ్లారు, అది ప్రతిసారీ అత్యుత్తమ ఫలితం ఇవ్వదు. హఫ్‌మన్ కింది నుంచి మొదలుపెట్టాడు. అన్నిటికంటే అరుదైన రెండింటినీ ఒక జంటగా కట్టాడు, ఆ జంటను ఒకే ఫలితంగా భావించి మళ్లీ అరుదైన రెండింటినీ కట్టాడు, చివరికి ఒక్కటి మిగిలేదాకా. మన గవ్వల్లో మొదటి జంట అష్టా, చెమ్మాలు. అందుకే వాటి కోడ్‌లలో చివరి బిట్ ఒక్కటే తేడా. 1952లో అచ్చైన ఈ పద్ధతి జేపెగ్ ఫొటోల్లో ఇప్పటికీ పనిచేస్తోంది.

చింతపిక్కలతో ఆడితే

ఇప్పటిదాకా సగం సగం అనుకున్నాం. ఒకవైపు అరగదీసిన చింతపిక్క ఆ మాట వింటుందా? మన పిక్క నాలుగుసార్లలో ఒక్కసారే వెల్లకిలా పడుతుందనుకుందాం. అప్పుడు 256 విసుర్లకు సగటున ఒకటి 108 సార్లు, అష్టా 81 సార్లు, రెండు 54 సార్లు, మూడు 12 సార్లు, చెమ్మా ఒక్కసారి పడతాయి. ఎంట్రోపీ 1.76కు తగ్గింది. అంటే ఈ ఆటను ఊహించడం తేలికైంది.

కానీ మనం పాత గవ్వల పట్టికతోనే ఫలితాలు పంపుతూ పోతే? అష్టాకు 3 బిట్లు ఇచ్చాం, అదేమో ఇప్పుడు చీటికీమాటికీ పడుతోంది. లెక్క కడితే విసురుకు 2.32 బిట్లు. ఆట తేలికైంది, ఖర్చు మాత్రం 2.125 నుంచి పెరిగింది! హఫ్‌మన్ పద్ధతిలో కొత్త పట్టిక రాస్తే 1.89కి దిగుతుంది. ఈ తేడా పిక్కల తప్పూ కాదు, ఆట తప్పూ కాదు. ఇంకెవరి గవ్వలకో రాసిన పట్టికను మన పిక్కలకు వాడినందుకు కట్టే జరిమానా అది. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే నేను దీన్నే చూపిస్తాను.

అయితే నాలుగో వంతు అన్న అంకె ఎక్కడ నుంచి వస్తుంది? ఇక్కడ గణాంకశాస్త్రంలో పాత తగాదా ఒకటుంది. వెయ్యిసార్లు విసిరి, ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి, ఆ నిష్పత్తినే సంభావ్యత అనాలని ఒక పక్షం. దీని బలం, ఎవరు లెక్కపెట్టినా దాదాపు అదే అంకె వస్తుంది. ఒక్కసారే జరిగే విషయానికి, ఉదాహరణకు ఫలానా ఎన్నికలో ఫలానా అభ్యర్థి గెలుపుకు, ఇది ఏమీ చెప్పలేదు. సంభావ్యత అంటే మన నమ్మకం ఎంత గట్టిదో చెప్పే కొలత, కొత్త సాక్ష్యం వచ్చినప్పుడల్లా దాన్ని సవరించాలి అన్నది రెండో పక్షం. వీళ్లను బేయిసియన్లు అంటారు. 1763లో, తన మరణం తర్వాత అచ్చైన వ్యాసంతో పేరు పొందిన థామస్ బేయిస్ పేరు మీద. ఇక్కడ చిక్కు ఏమిటంటే మొదటి నమ్మకం మనిషిని బట్టి మారొచ్చు.

కోడ్ రాసేవాళ్లు రెండూ వాడతారు. ముందే ఫైలంతా చదివి లెక్కపెట్టి పట్టిక రాయడం ఒక దారి. ఏమీ తెలియనట్టు అన్నిటికీ ఒక్కొక్కటి అని మొదలుపెట్టి, వచ్చిన ప్రతి అక్షరానికీ లెక్క పెంచుకుంటూ పట్టికను అప్పటికప్పుడు మార్చుకోవడం ఇంకో దారి. పంపేవారూ అందుకునేవారూ ఒకే పద్ధతిలో మారుస్తారు కాబట్టి పట్టికను విడిగా పంపక్కర్లేదు.

తెలుగు అక్షరానికి ఇరవైనాలుగు బిట్లు

ఇప్పుడు ఎస్సెమ్మెస్ దగ్గరికి వద్దాం. ఒక మెసేజ్ పెట్టె పరిమాణం 1120 బిట్లు, అది మారదు. ఇంగ్లిష్, కొన్ని యూరప్ అక్షరాలున్న పట్టికలో ఒక్కో గుర్తుకు 7 బిట్లు, కాబట్టి 160 గుర్తులు. ఆ పట్టికలో లేని అక్షరం ఒక్కటి వచ్చినా మెసేజ్ మొత్తం 16 బిట్ల పట్టికకు మారిపోతుంది, పెట్టెలో 70 గుర్తులే పడతాయి. పెద్ద మెసేజ్‌ను ముక్కలు చేసినప్పుడు వాటిని మళ్లీ అతికించే వివరాలకు కాస్త చోటు పోయి, ముక్కకు 67 మిగులుతాయి. మన 151 గుర్తులకు అలా మూడు ముక్కలయ్యాయి. నిజానికి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలకు 7 బిట్ల పట్టికలు కూడా మొబైల్ ప్రమాణాల్లో ఉన్నాయి. కానీ పట్టిక ఇద్దరి దగ్గరా ఉంటేనే పని జరుగుతుంది, పంపేవారి దగ్గరే ఉంటే చాలదు.

పైగా మన కంటికి ఒకటిగా కనిపించే అక్షరం కంప్యూటర్‌కు ఒకటి కాదు. ‘తెలుగు’ మనకు మూడు అక్షరాలు, దానికి ఆరు గుర్తులు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ‘స్త్రీ’ ఒక్కటే ఆరు గుర్తులు, ఎందుకంటే ఒత్తుల కోసం పొల్లు గుర్తు కూడా రెండుసార్లు రావాలి.

వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, అంటే 8 బిట్లు. తెలుగు గుర్తుకు మూడు బైట్లు. ‘త’ ఇలా ఉంటుంది: 11100000 10110000 10100100. తెలుగు గుర్తు ఏదైనా సరే, మొదటి బైటు ఇదే. రెండో బైటులో చివరి బిట్ ఒక్కటే అటూ ఇటూ అవుతుంది. మూడో బైటులో మొదటి రెండు బిట్లు మారవు. తెలుగే వస్తోందని తెలిసినవారికి మొదటి బైటు సంభావ్యత 1, అందులో సమాచారం సున్నా. సూర్యుడి ఫోన్ కాల్ గుర్తుంది కదా. 24 బిట్లు పంపితే అందులో కొత్త కబురు మహా అయితే 7 బిట్లు.

ఇది అన్యాయమా? ఔననేవాళ్లు 1991 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీని గుర్తుచేస్తారు. అందులో తెలుగు గుర్తుకు ఒక్క బైటు. అదే పాఠం మూడో వంతు చోటులో పట్టేది. కాదనేవాళ్ల వాదన: ఇస్కీ ఒక్క బైటులో పట్టడానికి భారతీయ లిపులన్నీ ఒకే అంకెలను పంచుకోవాల్సి వచ్చింది. ఏ లిపి అన్నది విడిగా చెప్పకపోతే అవే బైట్లు తెలుగుగానూ కన్నడంగానూ చదవొచ్చు. ప్రపంచంలోని లిపులన్నీ గందరగోళం లేకుండా ఒకే ఫైల్లో ఉండాలంటే అంకెలు పెద్దవి కాక తప్పదు. పైగా జిప్ లాంటి పద్ధతి ఒకసారి నడిపితే, మారని ఆ మొదటి బైట్లు దాదాపు కరిగిపోతాయి. రెండు వాదనల్లోనూ నిజముంది. వెబ్ పేజీకి రెండోది సరిపోతుంది, ఎందుకంటే పేజీలను కుదించే పంపుతారు. ఎస్సెమ్మెస్‌లో అలా కుదించడం లేదు కాబట్టి షాపాయన బాధ మొదటి వాదనదే.

ఏఐ టోకెన్ల కథ అచ్చంగా చింతపిక్కల కథ. వీటిలో ఎక్కువగా వాడే పద్ధతికి మూలం 1994లో ఫిలిప్ గేజ్ ఫైళ్లను కుదించడానికి రాసిన బైట్ పెయిర్ ఎన్‌కోడింగ్. పాఠాల కుప్పలో పక్కపక్కన ఎక్కువసార్లు వచ్చే జంటను ఒక్క గుర్తుగా కలుపుతారు, మళ్లీ కలుపుతారు, మళ్లీ. కుప్పలో ఇంగ్లిష్ ఎక్కువుంటే ఇంగ్లిష్ మాటలు మొత్తంగా ఒక్కో టోకెన్ అవుతాయి. తెలుగు తక్కువుంటే మాట ముక్కలై మిగులుతుంది. తెలుగు పాఠం ఎక్కువ కలిపి పట్టికను మళ్లీ తయారుచేస్తే ముక్కలు తగ్గుతాయి. పట్టిక పరిమాణానికి హద్దుంది కాబట్టి ఒక భాషకు చోటిస్తే ఇంకో భాషకు తగ్గుతుందన్నది తయారీదారుల ఇబ్బంది. పట్టికనే పెద్దది చేయొచ్చు, దానికి మోడల్ బరువు పెరుగుతుంది.

తీసేసినదాన్ని మళ్లీ చేర్చడం

ఇంతసేపూ అనవసరమైనది తీసేశాం. ఇప్పుడు లైనులో గోల ఉందనుకుందాం. మన గవ్వల కోడ్ 0011001లో మూడో బిట్ తారుమారై 0001001గా చేరింది. విడదీస్తే 00, 01, 00, చివర ఒంటరిగా 1. రెండు, ఒకటి, రెండు, ఆపైన ఏదో తెగిన ముక్క. ఒక్క బిట్ తప్పితే అక్కణ్నుంచి లెక్కంతా పట్టాలు తప్పింది. అష్టా మాయమైంది, ఆట మారిపోయింది. పిండిన కొద్దీ కోడ్ పెళుసుబారుతుంది.

ఫోన్ సరిగా వినపడకపోతే మనం ఏం చేస్తాం? రెండుసార్లు చెబుతాం, “బి ఫర్ బాంబే” అంటాం. దీని లెక్క కూడా సంభావ్యతే. పది బిట్లలో ఒకటి తారుమారయ్యే లైనులో ప్రతి బిట్‌ను మూడుసార్లు పంపి, మెజారిటీ దేనిదో చూస్తే తప్పు 10 శాతం నుంచి 2.8 శాతానికి తగ్గుతుంది. ఐదుసార్లు పంపితే 0.86 శాతం. తప్పును ఇంకా తగ్గించాలంటే ఇంకా ఎక్కువసార్లు పంపాలి, వేగం సున్నా వైపు జారిపోతుంది. అందరూ అంతే అనుకున్నారు. షానన్ వచ్చి కాదన్నాడు. ఈ లైనులో ఒక్కో బిట్‌కు దాదాపు 0.53 బిట్ల అసలు కబురు వెళ్లగలదు, అంటే రెట్టింపు కంటే కొంచెం తక్కువ పంపితే చాలు, తగినంత పొడవైన మంచి కోడ్ ఉంటే తప్పును ఎంత కావాలంటే అంత తగ్గించొచ్చు అన్నాడు. ఆ కోడ్ ఏదో మాత్రం చెప్పలేదు. ఉందని నిరూపించి ఊరుకున్నాడు.

వెతుకులాట ఆ తర్వాత దశాబ్దాలపాటు సాగింది. బెల్ ల్యాబ్స్‌లోనే రిచర్డ్ హామింగ్, శనాదివారాల్లో తన పని తప్పు దొరికిన చోటే ఆపేస్తున్న యంత్రంతో విసిగిపోయి, తప్పును పట్టుకోవడమే కాక దిద్దుకునే కోడ్ రాసి 1950లో ప్రచురించాడు. దానికి కొంచెం ముందు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్.రావు, ప్రయోగాల రూపకల్పన కోసం ఆర్థోగనల్ అర్రేలు అనే అమరికలను, వాటికి ఉండే హద్దును 1947లో ఇచ్చారు. కోడ్‌లకు హామింగ్ హద్దు, ఆ అమరికలకు రావు హద్దు అద్దంలో బింబాల్లాంటివని తర్వాత తేలింది. కలకత్తాలో ఆయన సహచరుడైన ఆర్.సి.బోస్, డి.కె.రాయ్ చౌధురితో కలిసి 1960లో ఇచ్చిన కోడ్‌లలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి: బీసీహెచ్‌లో బీ, సీలు వాళ్లవే.

అదే ఏడాది వచ్చిన రీడ్-సాలమన్ కోడ్‌ను మీరు రోజూ టీ కొట్టు దగ్గర వాడుతున్నారు. యూపీఐ క్యూఆర్ స్టిక్కర్ మీద టీ మరక పడినా, మధ్యలో కంపెనీ గుర్తు అతికించినా స్కాన్ అవుతుందంటే, అందులో చేర్చిన అదనపు అంకెల వల్లే. ఎంచుకున్న స్థాయిని బట్టి సుమారు 7 నుంచి 30 శాతం దాకా చెడిపోయినా తిరిగి రాబట్టొచ్చు. ఆధార్ నంబరులో పన్నెండో అంకె పని ఇంకా చిన్నది. అది తప్పును దిద్దదు, పట్టుకుంటుంది. ఏదైనా ఒక అంకె తప్పుగా కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారు చేసినా లెక్క కుదరదు.

ఇప్పుడు తెలుగు అక్షరపు ఆ మూడు బైట్లను ఇంకోసారి చూడండి. మొదటి బైటు 1110తో మొదలవుతుంది, తర్వాతి రెండూ 10తో. ఇంగ్లిష్ అక్షరపు బైటు 0తో. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కావాలనే అలా పెట్టారు. ఫైలు మధ్యలో ఎక్కడ తెరిచినా, దారిలో ఒక బైటు పోయినా, 10తో మొదలయ్యేవి దాటేసుకుంటూ వెళ్తే తర్వాతి అక్షరం మొదలు దొరికిపోతుంది. పాడయ్యేది ఒక్క గుర్తే, మిగతా వాక్యం క్షేమం. మన గవ్వల కోడ్‌కు లేని ధైర్యం అది. 24 బిట్లలో 8 బిట్లు ఈ కాపలాకే పోతాయి. మిగిలిన 16లో 9 బిట్లు మాత్రం, ఇది తెలుగు అని ప్రతి అక్షరానికీ మళ్లీ మళ్లీ చెప్పడానికి.